పాత కంప్యూటర్లో వర్చువల్ మెమరీ: ఎంత పెట్టాలి, ఎక్కడ పెట్టాలి, ఎప్పుడు ముట్టుకోకూడదు

కాజీపేటలో మా వెనక వీధిలో ఉండే ఒక రిటైర్డ్ రైల్వే ఉద్యోగి ఇంట్లో పదేళ్లు దాటిన డెస్క్‌టాప్ కంప్యూటర్ ఉన్నది. 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్క్, విండోస్ 10. ఏడాదిలో చాలా భాగం దాని మీద పెద్దగా పని ఉండదు. మనవరాలి ఇంజినీరింగ్ కౌన్సెలింగ్ వచ్చేసరికి మాత్రం ఇంటిల్లిపాదీ దాని ముందే కూర్చున్నారు. వెబ్ ఆప్షన్ల పేజీ ఒక ట్యాబులో, కాలేజీల జాబితా పీడీఎఫ్ ఇంకొక ట్యాబులో, కిందటి ఏడాది ర్యాంకుల పట్టిక మరొక దానిలో, వీటన్నిటికీ తోడు ఎవరో పంపిన వీడియో ఒకటి తెరిచి ఉండగా, తెర తెల్లబోయి, "యువర్ కంప్యూటర్ ఈజ్ లో ఆన్ మెమరీ" అన్న హెచ్చరిక వచ్చి, బ్రౌజర్ మూసుకుపోయింది. నేను వెళ్లేసరికి ఆయన ఫైల్ ఎక్స్‌ప్లోరర్ తెరిచి చూపిస్తూ, "సార్, డిస్కుల మూడు వందల జీబీలు ఖాళీగనే ఉన్నయి గద. అండ్లకెంచి ఓ పది జీబీలు ర్యాముకు ఇయ్యరాదు?" అన్నారు.

అది అమాయకపు ప్రశ్న కాదు. డిస్కులో కొంత చోటును ర్యామ్‌కు తోడుగా వాడుకునే ఏర్పాటు ఆయన కంప్యూటర్లో మొదటి రోజు నుంచీ ఉన్నది. దానినే వర్చువల్ మెమరీ అంటారు. అది ఆ రోజు ఎందుకు అక్కరకు రాలేదో తెలుసుకోవడానికి మాకు అరగంట పట్టింది. మీ ఇంట్లో ఇటువంటి పాత యంత్రం ఉంటే, అదే వరుసలో మీరూ చూసుకోవచ్చు.

సజ్జ మీద సామాను

వంటింట్లో రోజూ వాడే గిన్నెలు గట్టు మీద ఉంటాయి. పండుగకో పెళ్లికో మాత్రమే దించే గంగాళాలు, అండాలు సజ్జ మీద ఉంటాయి. గట్టు నిండిపోయినప్పుడు ఇప్పుడిప్పుడే అక్కరలేని గిన్నెను సజ్జ ఎక్కించి, ఆ ఖాళీలో కావలసినది పెట్టుకుంటాం. కంప్యూటర్లో గట్టు ర్యామ్ అయితే, సజ్జ పేజింగ్ ఫైల్ అనుకోవచ్చు. విండోస్ మెమరీని సాధారణంగా 4 కేబీ పరిమాణం గల ముక్కలుగా విడగొట్టి లెక్కపెడుతుంది. ఆ ముక్కకే పేజీ అని పేరు. చాలా సేపటి నుంచి ఎవరూ ముట్టని పేజీలను డిస్కు మీది ఆ ఫైలులోకి పంపి, వాటితో పని పడ్డప్పుడు మళ్లీ ర్యామ్‌లోకి తెచ్చుకుంటుంది. ఈ ఆలోచన కొత్తది కాదు. 1962లో మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలో నడవడం మొదలైన అట్లాస్ కంప్యూటర్ చిన్న మెమరీకి వెనక తిరిగే అయస్కాంతపు డ్రమ్ము పెట్టుకుని, రెండూ కలిసి ఒకే పెద్ద మెమరీ అన్నట్టు ప్రోగ్రాములకు చూపించింది. ఇంట్లో వాడే కంప్యూటర్ల ప్రాసెసర్లలోకి ఈ పేజీల పద్ధతి 1985లో ఇంటెల్ 80386తో వచ్చింది.

సజ్జ ఎంత పెద్దదైనా అది గట్టు కాలేదు. ఎక్కాలంటే స్టూలు వేసుకోవాలి. నిమిషానికి 7,200 సార్లు తిరిగే హార్డ్ డిస్కులో ఒక చుట్టుకు 8.3 మిల్లీ సెకన్లు పడుతుంది. కావలసిన చోటు, డిస్కును చదివే తల కిందికి రావడానికి సగటున అందులో సగం, తల పక్కకు జరగడానికి మరికొంత, అంతా కలిపి ఒక్కొక్క వెతుకులాటకు పన్నెండు పదమూడు మిల్లీ సెకన్లు. అంటే సెకనుకు ఎనభై వెతుకులాటలు. ఒక్కొక్కసారి ఒక్కొక్క 4 కేబీ పేజీనే తెచ్చుకోవలసి వస్తే సెకనుకు దాదాపు 320 కేబీ, అంటే 100 ఎంబీ వెనక్కి తేవడానికి ఐదు నిమిషాలకు పైగా పడుతుంది. విండోస్ పక్కపక్కన ఉన్న పేజీలను గుంపుగా తెస్తుంది కనుక నిజంలో ఇంత అధ్వానంగా ఉండదు. అయినా ర్యామ్‌లో ఇదే పని సెకనులో చిన్న భాగంలో ముగుస్తుందన్నది మరచిపోకూడదు. గట్టు మరీ చిన్నదై, ఒక గిన్నె దించితే ఇంకొకటి ఎక్కించవలసి వచ్చి, ఎక్కించినదే మరుక్షణం మళ్లీ కావలసి వస్తే, వంట ఆగిపోయి ఎక్కడం దిగడమే మిగులుతుంది. డిస్కు లైటు ఆరకుండా వెలుగుతూ, మౌసు బాణం జరిపిన పావు నిమిషానికి కదిలే ఆ స్థితిని థ్రాషింగ్ అంటారు.

కాబట్టి వర్చువల్ మెమరీ సెట్టింగు నుంచి ఏమి ఆశించాలో ముందే తేల్చుకోవాలి. సరిగ్గా పెట్టుకుంటే ప్రోగ్రాములు మధ్యలో మూసుకుపోవు, చేస్తున్న పని పోదు. కంప్యూటర్ వేగం పెరగడం మాత్రం దీనివల్ల జరగదు. "పేజింగ్ ఫైల్ పెంచండి, వేగం రెట్టింపు" అని చెప్పేవారు సజ్జ వెడల్పు చేస్తే వంట త్వరగా అవుతుందని చెబుతున్నట్టు.

ముందు కొలత, తర్వాత సెట్టింగు

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ అనే మూడు మీటలను ఒకేసారి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. అందులో పెర్ఫార్మెన్స్ ట్యాబులోని మెమరీ మీద నొక్కితే కింద కొన్ని అంకెలు వస్తాయి. అందరి కళ్లూ "ఇన్ యూజ్" దగ్గరే ఆగుతాయి గాని, మనకు కావలసినది దాని కింద ఉండే "కమిటెడ్". అక్కడ గీతకు అటూ ఇటూ రెండు అంకెలు ఉంటాయి. మొదటిది, నడుస్తున్న ప్రోగ్రాములన్నిటికీ కలిపి విండోస్ ఇచ్చిన మాట: "ఇంత మెమరీ మీకు ఎప్పుడు కావాలన్నా చూపిస్తాను" అన్న హామీ. రెండోది, ఆ హామీకి ఉన్న హద్దు. ర్యామ్, పేజింగ్ ఫైల్ రెండూ కలిపితే దాదాపుగా ఈ హద్దు వస్తుంది. విండోస్ తన దగ్గర లేనిదానికి మాట ఇవ్వదు. మొదటి అంకె రెండో అంకెను తాకిందంటే, కొత్తగా మెమరీ అడిగిన ప్రోగ్రాముకు లేదనే జవాబు వెళుతుంది. ఆ జవాబును మర్యాదగా తట్టుకునేలా రాసిన ప్రోగ్రాములు తక్కువ, చాలావరకు అక్కడికక్కడే కూలిపోతాయి.

కాజీపేట కంప్యూటర్లో, ఆ రోజు తెరిచి ఉన్నవన్నీ మళ్లీ ఒక్కొక్కటిగా తెరుస్తూ పోతే, ఆ అంకెలు 6.1, 6.2 జీబీ దగ్గరకు వచ్చి నిలిచాయి. ఆన్‌బోర్డ్ గ్రాఫిక్స్ (తెర మీద బొమ్మ చూపించే భాగం) తన వాటా తీసుకోగా మిగిలిన ర్యామ్ 3.8 జీబీ కనుక, పేజింగ్ ఫైల్ 2.4 జీబీ దగ్గరే ఆగిపోయిందని అర్థం. సెట్టింగు చూస్తే విండోస్‌కే వదిలేసి ఉన్నది. అలా వదిలేసినప్పుడు అవసరాన్ని బట్టి ఫైలు తనంతట తానే పెరగాలి. 4 జీబీ ర్యామ్ ఉన్న యంత్రంలో, డిస్కు భాగం చాలినంత పెద్దదైతే, 12 జీబీ దాకా పోవచ్చు. అయినా ఇది పెరగలేదు.

కారణం ఆయన నాకు మొదట చూపించిన కిటికీలోనే ఉన్నది. ఖాళీగా ఉన్న మూడు వందల జీబీలూ డీ డ్రైవులో ఉన్నాయి. పేజింగ్ ఫైల్ ఉండేది సీ డ్రైవులో. వంద జీబీల సీ డ్రైవులో ఎర్రగీత చివరిదాకా వచ్చి, ఖాళీ ఒక జీబీ కూడా లేదు. చూడగా డెస్క్‌టాప్ మీద "పెండ్లి" అని పేరు పెట్టిన ఫోల్డరు ఒకటి, అందులో 40 జీబీల వీడియోలు. డెస్క్‌టాప్ మీద పెట్టినది సీ డ్రైవులోనే చేరుతుందన్న సంగతి ఇళ్లలో చాలామందికి తట్టదు. ఆ ఫోల్డరును డీ డ్రైవుకు తరలించి, రీసైకిల్ బిన్ ఖాళీ చేసి, డిస్క్ క్లీనప్ ఒకసారి నడిపాక, ఏ సెట్టింగూ మార్చకుండానే హెచ్చరిక రావడం మానేసింది. మీరు కూడా అంకెల జోలికి వెళ్లేముందు సీ డ్రైవులో ఎంత ఖాళీ ఉన్నదో చూసుకోండి. పదిహేను ఇరవై జీబీలన్నా ఉండాలి. ఖాళీ చేయడానికి ఇంకేమీ దొరకకపోతే, హైబర్నేట్ కోసం, అంటే తెరిచి ఉన్న పనిని డిస్కులో దాచి కంప్యూటర్‌ను ఆపడం కోసం, విండోస్ దాచుకునే ఫైలు ఒకటి ఉంటుంది. కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, పవర్‌సీఎఫ్‌జీ అని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి, ఖాళీ వదిలి, హైఫన్, దానికి ఆనించి హెచ్, మళ్లీ ఖాళీ వదిలి, ఆఫ్ అని కొడితే అది తొలగిపోతుంది. దానితో పాటు ఫాస్ట్ స్టార్టప్ కూడా పోతుంది కనుక ఆన్ కావడానికి కొంచెం ఎక్కువ సేపు పడుతుంది. డెస్క్‌టాప్‌లో అది పెద్ద నష్టమేమీ కాదు.

కొలత విషయంలో ఒక మెలిక ఉన్నది. హద్దు తాకి ఆగిపోయిన యంత్రంలో చూసిన 6.1 అసలు అవసరం కాదు, ఆగిపోయిన చోటు మాత్రమే. అందుకే ముందు డిస్కులో చోటు చేసి, ఫైలు పెరగడానికి వీలు కల్పించి, ఆ తర్వాత మూడు నాలుగు రోజులు మామూలుగా వాడుతూ, పని బాగా ఉన్న సమయాల్లో కమిటెడ్ మొదటి అంకె ఎక్కడిదాకా పోతుందో కాగితం మీద రాసుకోవాలి. పెళ్లి కార్డులు, కరపత్రాలు చేసేవారు పేజ్‌మేకర్‌లో పెద్ద ఫైలు తెరిచినప్పుడూ, స్కానింగ్ చేసేవారు స్కాన్ నడుస్తుండగానూ చూసుకోవాలి. కాజీపేట యంత్రంలో ఆ అత్యధిక అంకె 7.0 జీబీ అయింది. ర్యామ్ 3.8 తీసేస్తే 3.2. పేజింగ్ ఫైలుకు ఉండవలసిన కనీస పరిమాణం అదే. రేపటి అవసరానికి కొంత కలిపి 4 జీబీ అనుకున్నాం, గరిష్ఠం దానికి రెట్టింపు.

ర్యామ్‌కు ఒకటిన్నర రెట్లు పెట్టాలని, మూడు రెట్లు పెట్టాలని ఇప్పటికీ చెబుతుంటారు. విండోస్ ఎక్స్‌పీ తనంతట తాను పెట్టుకునే అంకెలు అవి. 256 ఎంబీ ర్యామ్ ఉన్న రోజుల్లో 384 ఎంబీ న్యాయంగానే ఉండేది. ఇప్పుడు ఆ సూత్రం తలకిందులైంది: 16 జీబీ ఉన్న కంప్యూటరుకు 24 జీబీ పెట్టమంటుంది, దానికి అక్కర చాలా తక్కువ, 2 జీబీ ఉన్న ముసలి యంత్రానికి 3 జీబీ చాలంటుంది, అవసరం ఎక్కువగా ఉన్నది దానికే. ర్యామ్ తక్కువైన కొద్దీ పేజింగ్ ఫైల్ పెరగాలి. అందుకే రెట్ల లెక్క వదిలి, మీ వాడకం ఎంతో చూసి పెట్టుకోమనడం.

సెట్టింగు మార్చే తీరు

నిజానికి సీ డ్రైవులో చాలినంత ఖాళీ ఉన్నవారు విండోస్‌కే వదిలేయడం మంచిది; నా మాట అదే. చేత్తో అంకెలు పెట్టవలసిన సందర్భాలు రెండే. ఒకటి, సీ డ్రైవు ఎప్పుడూ ఇరుకుగా ఉండి, ఫైలుకు చోటు ముందే కేటాయించి ఉంచాలనుకున్నప్పుడు. రెండు, తిరిగే హార్డ్ డిస్కులో ఫైలు మాటిమాటికీ పెరిగి తగ్గుతూ ముక్కచెక్కలై డిస్కంతా చెదిరిపోతున్నప్పుడు. ఈ రెండో సందర్భంలో ముందుగా, చెదిరిన ఫైళ్లను ఒకచోటికి చేర్చే డీఫ్రాగ్మెంట్ నడిపి, ఆ తర్వాత అంకె పెడితే ఫైలు ఒకే చోట ఏర్పడే అవకాశం ఎక్కువ.

తెరిచి ఉన్న పనులన్నీ సేవ్ చేసుకుని, విండోస్ మీటను, ఆర్ మీటను కలిపి నొక్కండి. వచ్చిన చిన్న పెట్టెలో ఎస్, వై, ఎస్, డీ, ఎం, ఆ తర్వాత చుక్క, సీ, పీ, ఎల్ అన్న ఇంగ్లీషు అక్షరాలను ఖాళీలు లేకుండా కొట్టి ఎంటర్ నొక్కితే, సిస్టం ప్రాపర్టీస్ తెరుచుకుంటుంది. అందులో అడ్వాన్స్‌డ్ ట్యాబు. ఆ ట్యాబులో పెర్ఫార్మెన్స్ కింద ఉన్న సెట్టింగ్స్. కొత్తగా వచ్చిన కిటికీలో మళ్లీ అడ్వాన్స్‌డ్ ట్యాబు. అక్కడ వర్చువల్ మెమరీ కింద చేంజ్. ఒకే పేరుగల ట్యాబు రెండు కిటికీల్లో ఉండటం వల్ల మొదటిసారి చేసేవారు తికమక పడతారు. విండోస్ 7లోనూ ఇదే దారి.

చేంజ్ నొక్కగానే వచ్చే కిటికీలో పైన "ఆటోమేటికల్లీ మేనేజ్ పేజింగ్ ఫైల్ సైజ్ ఫర్ ఆల్ డ్రైవ్స్" అన్న గడి ఉంటుంది. దానిలో టిక్కు ఉన్నంతసేపు కింద ఉన్నవన్నీ మసకగా ఉండి పనిచేయవు. టిక్కు తీసేసి, జాబితాలో సీ డ్రైవును ఎంచుకుని, కస్టమ్ సైజ్ అన్న చుక్క పెట్టండి. ఇనిషియల్ సైజ్, మ్యాగ్జిమమ్ సైజ్ అని రెండు గడులు ఉంటాయి. ఇక్కడ అడిగేది ఎంబీల్లో. 4 జీబీ అనుకుని 4 అని కొట్టినవారిని నేను చూశాను, కొట్టవలసినది 4096. ఎనిమిదికి 8192. కాజీపేటలో మేము పెట్టినవి ఆ రెండే. ఇప్పుడు వెంటనే ఓకే నొక్కకండి. పక్కనే ఉన్న సెట్ అన్న మీటను ముందు నొక్కాలి. అది నొక్కకుండా ఓకే అన్నవారి అంకెలు గాలికి పోతాయి. "పెట్టినా మారలేదు" అని చెప్పేవారిలో చాలామంది ఇక్కడే పొరపాటు పడి ఉంటారు. సెట్ నొక్కాక పై జాబితాలో సీ డ్రైవు ఎదురుగా 4096, 8192 అన్న అంకెలు కనబడితేనే పని అయినట్టు. ఆ తర్వాత వరుసగా ఓకేలు నొక్కి, కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేయండి. పెంచినప్పుడు రీస్టార్ట్ లేకుండానే పనిచేయవచ్చు గాని, తగ్గించినప్పుడు తప్పనిసరి.

అదే కిటికీ అడుగున మూడు అంకెలు ఉంటాయి: మినిమమ్ అలౌడ్, రికమెండెడ్, కరెంట్లీ అలొకేటెడ్. మూడోది ఇప్పుడు డిస్కు మీద నిజంగా ఉన్న పరిమాణం. మార్పుకు ముందు దానిని ఫోనుతో ఫోటో తీసి ఉంచుకుంటే, తర్వాత ఎప్పుడైనా వెనక్కి రావాలంటే వెతుక్కోనక్కరలేదు.

ఏ డిస్కు మీద

డీ డ్రైవులో అంత ఖాళీ ఉండగా ఫైలును అక్కడికే మార్చవచ్చు కదా అని కాజీపేట పెద్దమనిషి అడిగారు. మార్చవచ్చు. అయితే సీ, డీ అన్నవి ఆయన కంప్యూటర్లో రెండు డిస్కులు కావు, ఒకే డిస్కును అడ్డంగా కోసిన రెండు భాగాలు. విండోస్, ప్రోగ్రాములు ఒక భాగంలో, పేజింగ్ ఫైల్ రెండో భాగంలో ఉంటే, తల అటూ ఇటూ మరింత దూరం పరుగెత్తాలి. సీ డ్రైవులో చోటు చేయడం ఏ విధంగానూ సాధ్యం కాకపోతేనే ఆ దారి. కంప్యూటర్లో విడిగా రెండో డిస్కు ఉండి, అది మొదటి దానికంటే ఖాళీగా, వేగంగా ఉంటే అప్పుడు మార్చడంలో అర్థం ఉన్నది. అప్పుడు కూడా సీ మీద చిన్న ఫైలు ఒకటి ఉంచాలి. నీలి తెర వచ్చి కంప్యూటర్ ఆగిపోయినప్పుడు కారణం రాసిపెట్టుకోవడానికి విండోస్ దానినే వాడుకుంటుంది. పెన్‌డ్రైవు మీద పేజింగ్ ఫైల్ పెట్టడం కుదరదు. రెడీబూస్ట్ అన్న పేరుతో పెన్‌డ్రైవును వాడుకునే పద్ధతి విండోస్ విస్టా కాలం నుంచి ఉన్నది, కానీ అది పేజింగ్ ఫైలుకు బదులు కాదు. డిస్కు నుంచి తరచూ చదివే వాటికి ఒక నకలు ఉంచుకోవడం మాత్రమే.

ఫైలును పూర్తిగా తీసేస్తే కంప్యూటర్ ర్యామ్‌నే వాడుకుంటుంది, అప్పుడు వేగం వస్తుంది అన్న సలహా ఇంకా బతికే ఉన్నది. నేనే ఒకసారి దానిని నమ్మాను. చాలా ఏళ్ల కింద హన్మకొండలో ఒక దుకాణం కుర్రాడు "నో పేజింగ్ ఫైల్ పెట్టండి సార్, రాకెట్ లెక్క పోతది" అన్నాడు. 4 జీబీ ర్యామ్‌తో రెండు వారాలు బాగానే గడిచింది. ఆ తర్వాత ఒక ఆదివారం మా ఊరి భూమి కాగితాలు, పాత పట్టాదారు పాస్ పుస్తకాలు స్కాన్ చేయడం మొదలుపెట్టాను. అక్షరాలు చెదిరిన కాగితాలని 600 డీపీఐ (అంగుళానికి 600 చుక్కలు) రంగుల్లో పెట్టాను. ఆ లెక్కన ఒక్క ఏ4 పుట మెమరీలో 100 ఎంబీకి పైగా ఆక్రమిస్తుంది. కొన్ని పుటలు అయ్యాక స్కానింగ్ ప్రోగ్రాము చెప్పాపెట్టకుండా మాయమైంది. ఒక్క పుట కూడా సేవ్ కాలేదు. అన్నిటికంటే నాకు కోపం తెప్పించినది, టాస్క్ మేనేజర్లో అప్పటికి ఇంకా ర్యామ్ కొంత ఖాళీగానే కనిపించడం. కారణం పైన చెప్పినదే. ఇచ్చిన హామీలు హద్దును తాకాయి. ప్రోగ్రాములు అడిగి పెట్టుకుని ఇంకా వాడుకోని మెమరీ ర్యామ్‌లో ఖాళీగా కనబడుతుంది గాని, ఇంకొకరికి దానిని ఇవ్వడానికి వీల్లేదు. పేజింగ్ ఫైల్ ఉండి ఉంటే, ఒక్క బైటు కూడా దానిలోకి వెళ్లకపోయినా, అది ఉన్నదన్న భరోసాతోనే విండోస్ ఆ హామీ ఇచ్చి ఉండేది.

ఇంకొక మాట. దాచిన ఫైళ్లు చూపించే సెట్టింగు పెట్టుకున్నవారికి సీ డ్రైవులో పేజ్‌ఫైల్ అన్న పేరుతో కొన్ని జీబీల ఫైలు కనబడి, వైరస్ ఏమోనని కంగారుపడి డిలీట్ చేయబోతారు. అది ఇదే. విండోస్ నడుస్తున్నంతసేపు దానిని తీయనివ్వదు కూడా. కరెంటు పోయి కంప్యూటర్ హఠాత్తుగా ఆగిపోతే దానిలో ఉన్నదేదీ మళ్లీ పనికిరాదు. పేజింగ్ ఫైల్ ఉన్నది కదా, సేవ్ చేయని పని అందులో ఉంటుందనుకోవద్దు. కరెంటు తరచూ పోయే వీధిలో ఉంటే యూపీఎస్ ఒక్కటే దిక్కు.

తీరని నెమ్మది

పైవన్నీ చేశాక ప్రోగ్రాములు మూసుకుపోవడం ఆగుతుంది. యంత్రం ఇంకా ఈడ్చుకుంటూనే ఉంటే, టాస్క్ మేనేజర్ పెర్ఫార్మెన్స్ ట్యాబు అడుగున ఉండే ఓపెన్ రిసోర్స్ మానిటర్ నొక్కి, మెమరీ ట్యాబులో "హార్డ్ ఫాల్ట్స్ పర్ సెకండ్" గీతను చూడండి. ఫాల్ట్ అన్న మాట చూసి భయపడవద్దు. కావలసిన పేజీ ర్యామ్‌లో లేక డిస్కు దాకా వెళ్లి తేవలసి వచ్చిందని మాత్రమే దాని అర్థం. ప్రోగ్రాము తెరిచేటప్పుడు ఆ గీత ఎగసి పడటం మామూలే. ఏమీ తెరవకుండా ఉన్న వాటి మధ్యనే తిరుగుతున్నా అది వందల్లో నిలిచి, డిస్కు వాడకం నూటికి నూరు చూపిస్తుంటే, గట్టు చాలడం లేదన్నమాట. దానికి సెట్టింగులో మందు లేదు.

అప్పుడు ఖర్చు పెట్టవలసినది ముందుగా ర్యామ్ మీద. కొనేముందు మూడు సంగతులు చూసుకోవాలి. టాస్క్ మేనేజర్ మెమరీ పేజీలోనే "స్లాట్స్ యూజ్డ్" అని ఉంటుంది. రెండింటిలో ఒకటి అని ఉంటే ఇంకొక ర్యామ్ పట్టీకి చోటు ఉన్నది. డీడీఆర్2, డీడీఆర్3 అన్న ర్యామ్ రకాలు ఒకదాని చోట ఒకటి పట్టవు, గాడి వేరు వేరు చోట్ల ఉంటుంది. దుకాణానికి వెళ్లేటప్పుడు ఉన్న పట్టీని విప్పి వెంట తీసుకుపోవడమే అన్నిటికంటే నమ్మకమైన పద్ధతి. మూడోది, విండోస్ అబౌట్ పేజీలోని సిస్టం టైపులో 32 బిట్ అని ఉంటే, ఆ విండోస్ మొత్తం 4 జీబీని మించి వాడుకోలేదు, నిజానికి అంతకు కొంచెం తక్కువే చేతికి వస్తుంది. 64 బిట్‌కు మారకుండా 8 జీబీ కొనడం డబ్బు దండగ. పట్టీ విప్పినప్పుడు బంగారు రంగు అంచును పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, పొడి బట్టతో తుడిచి పెట్టండి. మన ఎండాకాలపు దుమ్ముకు ఆ పని ఏటా చేసినా తప్పులేదు. నీలి తెరలు పదే పదే వస్తుంటే అది మెమరీ చాలకపోవడం కాదు, పట్టీ పాడవడం కావచ్చు. స్టార్ట్ మెనూలో విండోస్ మెమరీ డయాగ్నస్టిక్ అని వెతికి ఒకసారి నడిపి చూడాలి.

ర్యామ్‌కు చోటు లేని యంత్రానికి ఎస్ఎస్‌డీ, అంటే చిప్పులతో చేసిన డిస్కు, రెండో ఉపాయం. దానిలో తిరిగే పళ్లెం లేదు, జరిగే తల లేదు. చిన్న చిన్న ముక్కలను ఎక్కడెక్కడి నుంచో ఏరుకు రావడమే దాని బలం, పేజింగ్ ఫైలుకు పడే పని కూడా అదే. సాటా అనే డిస్కు కనెక్షన్ ఉన్న పాత మదర్‌బోర్డుల మీద కూడా చాలావరకు పనిచేస్తుంది. పేజింగ్ ఫైల్ పెడితే ఎస్ఎస్‌డీ అరిగిపోతుందన్న భయంతో దానిని పాత డిస్కు మీద ఉంచేవారు, కొత్త చెప్పులు సంచిలో పెట్టుకుని నడిచేవారి వంటివారు. ఇంటి వాడకానికి ఆ అరుగుదల లెక్కలోకి రాదు.

విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది కనుక, విండోస్ 11 ఎక్కని యంత్రాల మీద విండోస్‌కు బదులు లినక్స్ వేసుకునేవారు ఉన్నారు. అక్కడ ఈ సజ్జను స్వాప్ అంటారు. లెక్క ఇదే, అదనంగా, ఎంత తొందరగా సజ్జ ఎక్కించాలో చెప్పే స్వాపీనెస్ అన్న అంకె ఉంటుంది, మామూలుగా 60. ర్యామ్ తక్కువైన యంత్రాల్లో డిస్కుకు పంపేముందు ర్యామ్‌లోనే కుదించి ఉంచే జెడ్‌ర్యామ్‌ను వాడుకుంటే తేడా బాగా తెలుస్తుంది. విండోస్ 10 ఆ కుదింపును తనంతట తానే చేస్తుంది; టాస్క్ మేనేజర్లో కంప్రెస్డ్ అని కనిపించే అంకె అదే.

కాజీపేట పెద్దమనిషి ఆ తర్వాతి వారం వాడిన 4 జీబీ డీడీఆర్3 పట్టీ ఒకటి తెచ్చి, నా చేతే వేయించుకున్నారు. పేజింగ్ ఫైల్ అంకెలు ఉన్నవి ఉన్నట్టే ఉంచాం. వెబ్ ఆప్షన్ల పేజీ, పీడీఎఫ్, ర్యాంకుల పట్టిక, పెండ్లి వీడియో అన్నీ ఒకేసారి తెరిచి చూస్తే, కమిటెడ్ దగ్గర 7.1, 11.8 అని వచ్చింది. హార్డ్ ఫాల్ట్స్ గీత నేల మీద పరుచుకుని ఉన్నది. ఆయన కాసేపు ఆ అంకెలను చూసి, "అయితే సార్, వీడియోలు మళ్ల డెస్క్‌టాప్ మీద పెట్టుకోవచ్చునా?" అన్నారు. వద్దన్నాను, డీ డ్రైవులో ఉన్న ఆ ఫోల్డరుకు ఒక షార్ట్‌కట్ చేసి డెస్క్‌టాప్ మీద పెట్టి వచ్చాను.